విల్లు కడుపున పడే గీతలు: అపోహలు - వాస్తవాలు

విల్లు లాగేటప్పుడు మనవైపు ఉండేది కడుపు, గురివైపు ఉండేది వీపు. వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది. పీచు వెంబడి కలప సాగడాన్ని ఓర్చుకున్నంతగా నలుగుడును ఓర్చుకోలేదు. అందుకే కడుపు మీద అడ్డంగా వెంట్రుకంత గీతలు పడతాయి. వీటిని ఇంగ్లిష్‌లో క్రిసల్స్ అంటారు.

అపోహ: అది పగులు, సూపర్ గ్లూ పోస్తే అతుక్కుంటుంది.
వాస్తవం: పగులైతే నోరు తెరుచుకుంటుంది, జిగురు లోపలికి దిగుతుంది. ఇక్కడ పీచు నలిగి మడతపడింది. గోరుతో నిమిరితే సన్నటి గట్టు తగులుతుంది. జిగురు వెళ్లడానికి సందే లేదు. పైన దారం చుట్టినా ప్రయోజనం లేదు.

అపోహ: గీతలు పోయేదాకా గీకేస్తే చాలు.
వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. మందం పదో వంతు తగ్గితే అక్కడి బిగువు నాలుగో వంతుకు పైగా పోతుంది. అసలే ఎక్కువ వంగుతున్న చోటు ఇంకా వంగుతుంది.

అపోహ: మంచి కలపకు గీతలు రావు.
వాస్తవం: 1545లో మునిగి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకలో దొరికినవి యూ చెట్టు విల్లులు. వాటికి వీపున తెల్లచెక్క, కడుపున చేవ. నలుగుడుకు యూ చేవ గట్టిదే, కానీ వంపు సమంగా లేకపోతే దానికీ గీతలు పడతాయి.

అపోహ: గీత పడ్డ చోటే లోపం.
వాస్తవం: ఆ చోటు పక్కవాటి పని కూడా మోసి అలసిపోయింది. అట్లాంటా ఎండాకాలపు ఉక్కలో నా హికరీ కలప విల్లును గరాజ్‌లో వేలాడదీశాను. హికరీ తేమ పీల్చుకుంటుంది, తేమ పట్టిన చెక్క త్వరగా నలుగుతుంది. పిడికి జానెడు పైన మూడు గీతలు పడ్డాయి. అల్లెతాడు ఎక్కించి, చిన్న స్కేలును కడుపు వెంబడి జరుపుతూ చూశాను. గీతల దగ్గర స్కేలు కింద వెలుతురు ఎక్కువగా కనిపించింది, గీతలకు పైన జానెడు మేర వెలుతురు దాదాపు లేదు. ఆ బిర్రుగా ఉన్న భాగమే అసలు దోషి.

అపోహ: ఇక అది పొయ్యిలోకే.
వాస్తవం: అతుకు వేయొచ్చు. అల్లెతాడు దింపి, నలిగిన పీచంతా పోయేదాకా లోతు తక్కువ దొన్నెలా గీకాలి, రెండు కొనలూ మెల్లగా పైకి తేలాలి. అదే రకం ఆరిన కలప ముక్కను, పీచు విల్లు పొడవునే ఉండేలా, గుంటలో కూర్చోబెట్టాలి. గుంటకు సుద్ద రాసి ముక్కను అదిమితే ఎక్కడ తాకడం లేదో తెలుస్తుంది. ఈ ఒక్క పనికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, తొందరపడితే అతుకు లేచిపోతుంది. ఎపాక్సీ జిగురు వేసి బిగించి, ఒక రోజు వదిలేయాలి. క్లాంపులు మరీ బిగిస్తే జిగురంతా బయటికొస్తుంది. అతుకును కాస్త ఎత్తుగానే ఉంచి, ముందు ఆ బిర్రు భాగాన్ని స్క్రేపర్‌తో పలచన చేయాలి, ఆ తర్వాతే అతుకు జోలికి వెళ్లాలి. నా విల్లు లాగడానికి పట్టే బలం 45 పౌండ్ల నుంచి 40కి దిగింది, అయినా హాయిగా లాగుతున్నాను.

గీతలు పక్క అంచు మీదుగా సగం మందం దాకా దిగితే మాత్రం నేను అతుకు వేయను. అలాంటిదాన్ని మళ్లీ ఎక్కుపెట్టకండి, విరిగేది మీ మొహం ముందే.