మేం పోయాక వీడికెవరు?

పెన్షన్ రోజు ఆ ఇంట్లో పని బొటనవేలితో మొదలవుతుంది. కొడుక్కి ముప్పై దాటాయి. పిడికిలి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, బొటనవేలు దాని లోపల. లాగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. అందుకని తల్లి ముందు మణికట్టును మెల్లగా కిందికి వంచుతుంది. అప్పుడు వేళ్లు కాస్త వదులవుతాయి. చిటికెన వేలి దగ్గర్నుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చి, చెమటపట్టిన బొటనవేలిని కొంగుతో తుడిచి వేలిముద్ర మిషన్ మీద పెట్టిస్తుంది. మూడోసారికో నాలుగోసారికో పడుతుంది. ఈ కిటుకు ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి.

"మేం పోయాక వీడికెవరు?" అని ఆమె అడిగే మాట సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏ ఇంటికి వెళ్లినా వినిపిస్తుంది. మన దేశంలో వీళ్ల కోసం ఏర్పడ్డ సేవల చరిత్ర తిరిగితిరిగి ఆ ప్రశ్న దగ్గరికే వస్తోంది.

సెరిబ్రల్ పాల్సీని పేపర్లలో మస్తిష్క పక్షవాతం అని రాస్తారు, ఆస్పత్రుల్లో సీపీ అంటారు. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు తగిలిన దెబ్బ ఇది. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, కామెర్లు ముదరడం కొన్ని కారణాలు. మెదడుకు తగిలిన ఆ దెబ్బ వయసుతో పెరగదు. కానీ బిగుసుకున్న కండరాలను పట్టించుకోకపోతే ఒళ్లు వంకరపోతుంది. 1861లో లండన్ డాక్టరు విలియం జాన్ లిటిల్ కష్టమైన కాన్పుకూ దీనికీ ఉన్న సంబంధాన్ని వివరంగా రాశాడు. ఆ తర్వాత నూరేళ్లు గడిచినా మన దగ్గర చాలామంది తల్లులు విన్నది మాత్రం "పూర్వజన్మ పాపం" అన్న మాటే.

మనకు వికలాంగుల సేవలంటే చాలాకాలం పోలియో కాళ్లే గుర్తొచ్చేవి. కాలికి ఆసరాగా కట్టే కాలిపర్లు, చంక కర్రలు, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. పోలియోలో కాలు చచ్చుబడినా చాలామందికి చేతులు గట్టిగా ఉంటాయి కాబట్టి ఆ బండి పనికొచ్చింది. సీపీ ఉన్న పిల్లల్లో చాలామందికి చేతులూ మాట వినవు, నడుమూ నిలబడదు. మాట, మింగడం కూడా కష్టమే. ఆ మూడు చక్రాల బండి వాకిట్లో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాని ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ బిడ్డకు కావలసింది మెడకు, నడుముకు ఆసరా ఇచ్చి బెల్టులతో కూర్చోబెట్టే కుర్చీ.

బడులు వీళ్లను చేర్చుకోకపోతే తల్లులే బడులు పెట్టారు. మిఠూ ఆలూర్ కూతురు మాలినికి సీపీ. ఇంగ్లండులో చదువుకున్న ఆ పిల్లకు ఇక్కడ సరైన బడి దొరకలేదు. 1972లో ముంబైలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అలా పుట్టింది. నటి నర్గీస్ దానికి అండగా నిలిచారు. తర్వాత కోల్‌కతా, ఢిల్లీ, బెంగళూరుల్లో అలాంటి సంస్థలు వచ్చాయి. 1985లో చెన్నైలో, ఇప్పుడు విద్యాసాగర్ అని పిలుస్తున్న సంస్థను పూనమ్ నటరాజన్ మొదలుపెట్టారు. ఆమె కొడుక్కి కూడా సీపీయే. ఒకే గదిలో ఫిజియోథెరపీ, చదువు, అక్షరాల పలకను చూపుడు వేలితోనో కంటిచూపుతోనో చూపించి మాట్లాడటం: ఇవన్నీ కలిసి జరగాలని ఈ బడులే మన వాళ్లకు చూపించాయి. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి తల్లుల ప్రశ్న కూడా "బడి ఏది?" నుంచి "మేం పోయాక ఎవరు?"కు మారింది.

చట్టం నెమ్మదిగా వెనకాల వచ్చింది. 1995 వికలాంగుల చట్టం సీపీని విడిగా చూడలేదు, ఎముకలు, కీళ్లు, కండరాల వైకల్యం కిందే చేర్చింది. నాలుగేళ్లకు, 1999లో, నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సీపీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ల కోసం చేసిన చట్టం ఇది. అమ్మానాన్నలు చనిపోతే వీళ్ల సంరక్షణ ఎలా అన్నది దాని లక్ష్యాల్లోనే రాసి ఉంది. ఇళ్లలో కన్నీళ్లతో అడిగే మాట పార్లమెంటు చట్టంలోకి ఎక్కడం చిన్న విషయమేమీ కాదు. కేంద్రం 100 కోట్ల మూలనిధి ఇచ్చింది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు అవసరమైతే సంరక్షకుణ్ని నియమించే అధికారం జిల్లా కమిటీకి దక్కింది, అందులో కలెక్టర్ ఉంటారు. తర్వాత లక్ష రూపాయల దాకా నిరామయ ఆరోగ్య బీమా, పెద్దవాళ్లు ఉండటానికి ఘరౌందా వసతి పథకం వచ్చాయి. చెన్నైలో బడి పెట్టిన పూనమ్ నటరాజనే కొన్నేళ్లు ఈ ట్రస్టుకు అధ్యక్షురాలిగా ఉన్నారు.

మన వైపు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ ఏర్పడింది. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం విధానం వచ్చాక ఆ సర్టిఫికెట్ కంప్యూటర్లోకి ఎక్కింది. మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టి పిల్లలకు ఫిజియోథెరపీ, చదువు అందించే ఏర్పాటు చేశారు. కదల్లేని పిల్లల దగ్గరికి టీచరే ఇంటికి వస్తారు. కానీ భవిత బడి వయసు పిల్లలకే. ఆ వయసు దాటితే ఫిజియో ఆగుతుంది, వదులైన కీలు మళ్లీ బిగుస్తుంది. ఆ తర్వాత చాలా ఇళ్లకు మిగిలేది పెన్షన్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. ఈ డబ్బు చాలా పెద్ద ఆసరా, కాదనను. కానీ రాత్రి రెండింటికి బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టే మనిషిని ఈ డబ్బుతో ఎక్కడ దొరకబుచ్చుకుంటాం?

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇక్కడే ఒక అడుగు ముందుకేసింది. చట్టం గుర్తించే వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి. ఎక్కువ ఆసరా కావలసినవాళ్లు దాని కోసం దరఖాస్తు చేసుకోవచ్చని, సంరక్షకులకు భత్యం ఇచ్చే పథకాలు ఉండాలని రాశారు. నా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. ఆ ఇంటి గడప దాకా మాత్రం అది ఇంకా రాలేదు.

ఆ తల్లి ఈమధ్య ఒక నోటుబుక్కు పెట్టింది. ఫిట్స్ మందు ఎన్నింటికి, అన్నం ఎంత మెత్తగా కలపాలి, ఏ పక్కకు తిప్పితే దగ్గు రాదు, పిడికిలి ఎలా విప్పాలి అని పేజీ పేజీకి రాస్తోంది. అది ఎవరికివ్వాలో ఇంకా అనుకోలేదట.