పోలీసు పిస్టల్ "దానంతట అదే" పేలుతుందా?

పోలీసు తుపాకీ పొరపాటున పేలిందని వార్త వస్తే ఆయుధాలు విప్పి బాగుచేసే ఆర్మరర్లమైన మాకు రెండు రకాల మాటలు వినపడతాయి. "వేలు తగిలి ఉంటుంది" అని కొందరు, "నాసిరకం సరుకు" అని కొందరు. విప్పి చూసేదాకా నేను రెండూ నమ్మను.

అపోహ: ట్రిగ్గర్ నొక్కందే ఇప్పటి పిస్టల్ పేలదు.

వాస్తవం: పేలింది. అమెరికా పోలీసులు చాలామంది వాడే సిగ్ సావర్ పీ320, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) వెనకభాగం ఒక కోణంలో నేలకు తగిలితే పేలుతోందని 2017లో బయటపడింది. దాని ట్రిగ్గర్ బరువైనది. పిస్టల్ నేలకు కొట్టుకుని ఆగినా, ట్రిగ్గర్ అదే ఊపులో వెనక్కి జరిగేది. అంటే వేలు చేయాల్సిన పని అదే చేసేసేది. అక్కడి డ్రాప్ టెస్టులు (కింద పడేసి చూసే పరీక్షలు) పాసైన పిస్టలే అది! టెస్టులో ఆ కోణం లేదు, అంతే. డాలస్ పోలీసులు వాడకం ఆపేశారు. కంపెనీ తేలిక ట్రిగ్గర్, మరికొన్ని కొత్త భాగాలు ఉచితంగా బిగించి ఇచ్చింది. ఆ తర్వాత కూడా హోల్‌స్టర్‌లో (నడుముకుండే తుపాకీ ఒరలో) ఉండగానే పేలిందంటూ కేసులు పడ్డాయి. కంపెనీ ఇప్పటికీ ఒప్పుకోదు, కొన్ని జ్యూరీలు మాత్రం దానికి వ్యతిరేకంగానే తేల్చాయి. ఇంత జరిగాక కూడా విచారణకు ముందే కానిస్టేబుల్‌ని తప్పుపట్టడం నాకు నచ్చదు.

అపోహ: సేఫ్టీ మీట లేని పిస్టల్ ప్రమాదకరం.

వాస్తవం: 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ 17కి బయట మీట లేదు, వాటంతటవే పనిచేసే మూడు సేఫ్టీలున్నాయి. కిందపడితే అవి కాపాడతాయి. జాకెట్ తాడు ట్రిగ్గర్‌లో చిక్కుకుంటే మాత్రం కాపాడవు. అందుకే ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా గ్లాక్ ఇవ్వకూడదంటాను. మెత్తబడిన తోలు హోల్‌స్టర్ అయితే పారేయండి.

అపోహ: ట్రిగ్గర్ ఎంత గట్టిదైతే అంత భద్రం.

వాస్తవం: న్యూయార్క్ పోలీసులు చాలా ఏళ్లు 12 పౌండ్ల ట్రిగ్గర్ వాడారు. అంటే దాదాపు ఐదున్నర కిలోల బలంతో లాగాల్సి వచ్చేది. పొరపాట్లు తగ్గుతాయేమో గానీ గురి చెదురుతుంది. 2012లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ దగ్గర పోలీసు కాల్పుల్లో 9 మంది దారినపోయేవాళ్లు గాయపడినప్పుడు ఈ ట్రిగ్గర్ మీద పెద్ద చర్చే నడిచింది.

అపోహ: పిస్టల్ జామ్ అవుతుంది, రివాల్వరే నమ్మకం.

వాస్తవం: జామ్ అంటే నేను ముందు మ్యాగజైన్ (తూటాలు నింపి పిస్టల్ పిడిలో పెట్టే డబ్బా) చూస్తాను. వంగిన అంచులు, నీరసించిన స్ప్రింగు. మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: మ్యాగజైన్ తీస్తే పిస్టల్ ఖాళీ.

వాస్తవం: బ్రౌనింగ్ హై-పవర్ నమూనాలో మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయని ఏర్పాటు ఉంటుంది. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టల్ ఆ వంశానిదే. దానికి అలవాటుపడిన చెయ్యి గ్లాక్ పట్టుకుంటేనే నాకు టెన్షన్. చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) రౌండ్, అంటే తూటా, ఉంటే అది మ్యాగజైన్ లేకపోయినా పేలుతుంది. పైగా విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. మ్యాగజైన్ తీశాక స్లైడ్ లాగి, చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి.