పెట్రోల్ లీకైన చోట మానిటరింగ్ బావులు: అపోహలు - వాస్తవాలు

భూమిలో పాతిన పెట్రోల్, డీజిల్ ట్యాంకులు కారిన చోట, భూగర్భజలాన్ని గమనించడానికి దింపిన గొట్టపు బావుల్లో (మానిటరింగ్ బావులు) నీటిమట్టం కొలిచి శాంపిళ్లు తీయడం నా పని. సైట్ ఓనర్ల దగ్గర్నుంచి కొత్తగా చేరిన కుర్రాళ్ల దాకా అందరి నోటా అవే మాటలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: బావిలో నూనె పొర పోయింది, సైట్ క్లీన్ అయిపోయింది.

ఇది అన్నిటికంటే డేంజర్. నీటి సాంద్రత 1 అనుకుంటే పెట్రోల్ సాంద్రత 0.75 దగ్గర్లో, డీజిల్‌ది 0.84 దగ్గర్లో ఉంటుంది కాబట్టి రెండూ నీటి మీద తేలతాయి, అంతవరకూ నిజమే. కానీ మట్టిలో నూనె విడిగా ఒక పొర కట్టుకుని కూర్చోదు, రేణువుల సందుల్లో నీటితో గాలితో చోటు పంచుకుని ఉంటుంది, బావి గొట్టం ఖాళీ కాబట్టి అందులోకి ఊరి వచ్చి పొరలా కనిపిస్తుంది. అందుకే బావిలో కొలిచిన మందం మట్టిలో ఉన్న నూనె మొత్తాన్ని చెప్పదు, ముఖ్యంగా సన్నటి మట్టిలో. మామూలుగా నీటిమట్టం పెరిగితే పొర పల్చబడుతుంది, ఒక్కోసారి మాయమైపోతుంది, నూనె మాత్రం నీటి కింద మట్టిలోనే చిక్కుకుని ఉంటుంది, మట్టం దిగగానే మళ్లీ తేలుతుంది. నీటిమట్టం గ్రాఫ్ పక్కన లేకుండా మందం గ్రాఫ్ ఒక్కటే చూపిస్తే నేనైతే నమ్మను. ఇంకోటి, బావి స్క్రీన్ (నీళ్లు లోపలికి వచ్చేలా గొట్టానికి చీలికలు పెట్టిన భాగం) మొత్తం నీటిమట్టానికి కిందే ఉంటే తేలే నూనె లోపలికి రానే రాదు, ఎన్నేళ్లు కొలిచినా సున్నాయే.

నూనె ఉన్న బావిలో నీటిమట్టం లెక్క కూడా సరిచేయాలి. 60 సెంటీమీటర్ల పెట్రోల్ పొర ఉందనుకోండి, 60ని 0.75తో గుణిస్తే 45, అంటే నీటిని అంత కిందికి నొక్కి పెట్టింది. ఆ 45 సెంటీమీటర్లు కలపకుండా భూగర్భజల మట్టాల మ్యాప్ గీస్తే, బావుల మధ్య అసలు తేడా కొన్ని సెంటీమీటర్లే ఉండే చోట నీళ్లు ఎటు పారుతున్నాయో చూపే బాణం ఎటో తిరిగిపోతుంది.

అపోహ: వాసన రాకపోతే నీళ్లు బాగున్నట్టే.

పెట్రోల్‌లో ఉండే బెంజీన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి గైడ్‌లైన్ లీటరుకి 10 మైక్రోగ్రాములు. మన ముక్కుకి అందాలంటే మిల్లీగ్రాముల్లో ఉండాలి. ఇక సీసా మూత తీసి వాసన చూసే అలవాటు ఉంటే దయచేసి మానేయండి, అది క్యాన్సర్ తెచ్చే పదార్థం.

అపోహ: శాంపిల్ తీసే ముందు బావిలోని నీటికి మూడు రెట్లు తోడేస్తే చాలు.

ఇది బావిలో నిలిచిన నీటికి మూడు నుంచి ఐదు రెట్లు తోడాలనే పాత రూల్. తప్పేం కాదు, కానీ బంకమట్టిలో బావి ఎండిపోయేదాకా తోడితే తర్వాత ఊరే నీళ్లు స్క్రీన్ పైనుంచి జారుకుంటూ పడతాయి, బెంజీన్ లాంటివి అక్కడే గాలిలో కలిసిపోతాయి. బెయిలర్‌ని (తాడు కట్టి దింపి నీళ్లు తోడే గొట్టం) ధబీమని వదిలితే మట్టి కూడా లేస్తుంది. నాకైతే స్లో పంపింగే ఇష్టం: నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లు, మట్టం 10 సెంటీమీటర్లకి మించి దిగకుండా, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి మీటర్ చూస్తూ. వరసగా మూడు రీడింగుల్లో పీహెచ్ 0.1 లోపు, కండక్టివిటీ (నీటిలో కరెంటు పారే గుణం) 3 శాతం లోపు, కరిగిన ఆక్సిజన్, టర్బిడిటీ (నీటి మసక) 10 శాతం లోపు నిలబడితే అప్పుడు సీసా పట్టాలి. టైమ్ పడుతుంది, క్లయింట్ గొణుగుతాడు, గొణగనివ్వండి.

అపోహ: తప్పు రిజల్ట్ వచ్చిందంటే ల్యాబ్‌దే తప్పు.

చాలాసార్లు కథ సీసా దగ్గరే పాడవుతుంది. 40 మిల్లీలీటర్ల వయల్‌ని (చిన్న గాజు సీసా) నీళ్లు అంచు మీద ఉబ్బేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి, బుడగ కనిపిస్తే ఇంకో వయల్ తీసుకోవడమే మంచిది. అందులో యాసిడ్ ఉండేది సూక్ష్మజీవులు బెంజీన్‌ని తినేయకుండా, దాంతో టెస్ట్ చేయడానికి 14 రోజుల గడువు దొరుకుతుంది. యాసిడ్ తగలగానే నీళ్లు బుసబుసా పొంగితే కార్బొనేట్లు ఎక్కువున్నట్టు, అప్పుడు యాసిడ్ లేని వయల్ వాడి 7 రోజుల్లో టెస్ట్ చేయించాలి. జనరేటర్‌ని గాలి వెళ్లే వైపు పెట్టండి, బండికి పెట్రోల్ కొట్టించిన గ్లవ్స్‌తో వయల్ ముట్టుకోకండి. ల్యాబ్ నుంచి సీల్‌తో వచ్చి అలాగే తిరిగెళ్లే ట్రిప్ బ్లాంక్ (శుభ్రమైన నీళ్లున్న వయల్) బాక్సులో లేకపోతే, మరక ఎక్కడ అంటిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

అపోహ: రిపోర్టులో "కనపడలేదు" అని వస్తే బెంజీన్ లేనట్టే.

పక్కనున్న లిమిట్ చూడండి, అంటే ల్యాబ్ ఆ శాంపిల్‌లో కొలవగలిగిన కనీస మోతాదు. డీజిల్ ఎక్కువున్న శాంపిల్‌ని ల్యాబ్ పల్చన చేస్తుంది, దాంతో ఆ లిమిట్ పెరుగుతుంది, అలా లీటరుకి "50 మైక్రోగ్రాముల కంటే తక్కువ" అని వచ్చిన చోట మీకు కావాల్సింది 10 అయితే ఆ రిజల్ట్ దేనికీ పనికిరాదు. డైల్యూషన్ ఎంత చేశారో, తక్కువ చేసి మళ్లీ రన్ చేయడం కుదురుతుందో ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి, అదీ శాంపిల్ గడువు దాటకముందే.