ఎలుక జ్వరం: "మమ్మల్ని ఏ ఎలుకా కరవలేదండీ!"

మొన్న ఓపీలో ఒక కౌలు రైతు. నాలుగు రోజుల జ్వరం. పిక్కలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, పుసి మాత్రం లేదు. ఊళ్ళో ఊడుపులు జోరుగా సాగుతున్నాయి. "ఎలుక జ్వరంలా ఉంది, రక్తం తీసి ఇవాళే మందు మొదలుపెడదాం" అన్నానో లేదో వాళ్ళావిడ అడ్డొచ్చింది. "లేదు డాక్టరుగారూ, ఆయన్ని ఏ ఎలుకా కరవలేదు." ఆయన చేతులు చాపి, పంచె పైకి లాగి మరీ చూపించాడు, ఎక్కడా గాటు లేదని.

డెల్టాలో ప్రాక్టీసు పెట్టి ఇరవై రెండేళ్ళు. తొలకరి నుంచి కార్తీకం దాకా ఈ మాట వినని వారం లేదు. చదువుకున్నవాళ్ళూ అంటారు, చదువుకోనివాళ్ళూ అంటారు. అందుకే ఇది రాస్తున్నాను. మిగతా అపోహలు చివర్లో గబగబా చెప్పేస్తాను. ముందు ఈ ఒక్కటీ తేల్చుకుందాం.

అపోహ: ఎలుక కరిస్తేనే ఎలుక జ్వరం వస్తుంది.

వాస్తవం: ఈ జబ్బుకు కాటుతో పని లేదు, ఎలుక కనబడనక్కర్లేదు కూడా. లెప్టోస్పైరా అనే మెలికల బాక్టీరియా ఎలుక మూత్రపిండాల్లో కాపురం ఉంటుంది. ఎలుకకు జబ్బు చెయ్యదు. అది హాయిగా తిరుగుతూ నెలల తరబడి మూత్రంలో ఈ బాక్టీరియాను వదులుతూనే ఉంటుంది. గట్లు తవ్వే పొలం ఎలుక, పందికొక్కు, ఇంట్లో అటకెక్కే ఎలుక, అన్నీ మోస్తాయి. ఆ మూత్రం పడిన చోట తడి, వెచ్చదనం ఉంటే బాక్టీరియా వారాల పాటు బతుకుతుంది. వరి మడికన్నా దానికి మంచి చోటు ఏముంది? ఆ నీళ్ళలో నాలుగైదు గంటలు నాని మెత్తబడిన చర్మం, ఒరిసిపోయిన వేళ్ళ సందులు, కొడవలి గీరుకున్న చిన్న గీత, కంట్లో పడిన బురద చుక్క. దారి అక్కడ దొరుకుతుంది. లోపలికి వెళ్ళిన వారం పది రోజులకు జ్వరం. అప్పటికి ఆ మడి సంగతే మనిషికి గుర్తుండదు.

ఎలుకలే కాదు, పశువులు, కుక్కలు, పందులు కూడా దీన్ని మోస్తాయి. ఈ జబ్బుకు "బురద జ్వరం" అని పేరు పెట్టి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలబడేవో అనిపిస్తుంది నాకు. పేరులో ఎలుక ఉండబట్టి అందరూ కాటు కోసం వెతుకుతున్నారు.

నేనూ వెతికాను. పీజీ మొదటి ఏడాది. కాలవ పూడికతీత పనికి వెళ్ళొచ్చిన ముప్పై ఏళ్ళ కుర్రాడు, జ్వరం, ఒళ్ళునొప్పులు. "ఎలుకేమైనా కరిచిందా తమ్ముడూ?" అని అడిగాను. "లేదు సార్." కేస్ షీట్‌లో ఎలుక కాటు లేదని రాసి, లెప్టో (ఎలుక జ్వరానికి మేం వాడే పొట్టి పేరు) అన్న మాట కొట్టేశాను. మూడో రోజు తెల్లవారుజామున రక్తం దగ్గాడు. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం. వెంటిలేటర్ మీద ఒక్క పూటే ఉన్నాడు. వాళ్ళమ్మ వరండాలో నన్ను అడిగిన మాట, "కాలవలో దిగినందుకేనా బాబూ?" అని. ఆవిడకు తట్టింది నాకు తట్టలేదు. అప్పటినుంచి నేను ఎలుక కరిచిందా అన్న ప్రశ్న వెయ్యను. "ఈ పదిహేను రోజుల్లో మీ కాళ్ళు ఏ నీళ్ళలో దిగాయి?" అని అడుగుతాను. జవాబు అందులోనే దొరుకుతుంది. చేపల చెరువు, పశువుల పాక, మురుగు కాలవ, వరదకు ఇంట్లోకొచ్చిన నీళ్ళు.

ఇది మన ఒక్కరి సంగతీ కాదు. ఉత్తర అండమాన్‌లోని దిగ్లిపూర్‌లో 1988 నుంచి వానాకాలం తర్వాత జ్వరం వచ్చి, రక్తం కక్కి మనుషులు పోతుంటే కారణం తెలియక దానికి "అండమాన్ రక్తస్రావ జ్వరం" అని పేరు పెట్టుకున్నారు. అది లెప్టో అని తేలింది 1990లలో. శ్రీకాకుళం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళకు ఈ కథ తెలిసే ఉంటుంది. ముంబైలో 2005 జులై వరద తర్వాత, కేరళలో 2018 ఆగస్టు వరదల తర్వాత కేసులు ఒక్కసారిగా పెరిగాయి. వాళ్ళనీ ఎలుకలు కరవలేదు. మోకాలి లోతు నీళ్ళలో నడిచారు, అంతే.

అపోహ: కళ్ళు పచ్చబడ్డాయంటే కామెర్లు. ఇంగ్లీషు మందు పడదు, పసరు పోయించాలి.

ఇది మొదటి అపోహకు తోడబుట్టింది. కాటు లేదు కాబట్టి ఎలుక జ్వరం కాదనుకుంటారు. ఆరో రోజుకు కళ్ళు పచ్చబడతాయి. అప్పుడు పక్కింటి పెద్దాయన "కామెర్లురా, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు" అంటాడు. పసరు పోయించి, కొందరు చేతికి వాత కూడా పెట్టించి, ఉప్పూ కారం లేని పత్యంతో మనిషిని పడుకోబెడతారు. మామూలు వైరల్ కామెర్లు చాలావరకు తమంతట తామే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. ఎలుక జ్వరంలో అలా కాదు. పసరు తాగి పడుకున్న ఆ మూడు రోజుల్లోనే మూత్రపిండాలు ఆగిపోతాయి.

తేడా మీరే కనిపెట్టొచ్చు. వైరల్ కామెర్లలో సాధారణంగా కళ్ళు పచ్చబడేసరికి జ్వరం తగ్గిపోతుంది. కళ్ళు పచ్చబడ్డాక కూడా జ్వరం కాస్తూ, పిక్కలు నొప్పులు పెడుతూ, మూత్రం తగ్గుతుంటే ఆ రాత్రే పెద్దాసుపత్రికి బయల్దేరండి. తెల్లారాక వెళ్దాం అనుకోవద్దు. ఇది మా తోటి డాక్టర్లకు కూడా చెబుతున్నాను: కామెర్ల కొలత బిలిరుబిన్ పదిహేను ఉండి, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ వందల్లోనే ఆగిందంటే హెపటైటిస్ అని ఊరుకోకండి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడండి.

ఆక్వా చెరువు మీద కాపలా ఉండే ఒకతను పోయిన ఏడాది ఇలాగే పసరు తాగి తొమ్మిదో రోజున వచ్చాడు. అప్పటికి రోజున్నరగా మూత్రం లేదు. నాలుగు డయాలసిస్‌లు, పన్నెండు రోజుల పడక. బతికాడు. మూడో రోజున వచ్చి ఉంటే కొద్ది రూపాయల డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ రెండు పూటలా వారం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. ముదిరితే పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. మందు లేక కాదు, ఆలస్యం వల్ల పోతున్నారు మనుషులు.

ఇక మిగతావి.

"రిపోర్టు నెగెటివ్ వచ్చింది కదా." రక్తంలో ఈ జబ్బు యాంటీబాడీలను వెతికే ఐజీఎం పరీక్ష మొదటి అయిదారు రోజుల్లో నెగెటివ్ రావడం మామూలే. అనుమానం ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి, వారం పోయాక ఆ పరీక్ష మళ్ళీ చెయ్యాలి.

"ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగీయే." లెప్టోలోనూ తగ్గుతాయి. బొప్పాయి ఆకు రసం నూరుతూ కూర్చోకండి.

"వైడాల్ పాజిటివ్, టైఫాయిడ్." ఒక్క వైడాల్ రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చే పద్ధతి పోవాలి. దానివల్ల లెప్టో ఒక్కటే కాదు, స్క్రబ్ టైఫస్ కూడా జారిపోతోంది. ఎలుకల మీద, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుడితే వస్తుంది అది. చంకల్లో, గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు. మనమే బట్టలు తీయించి చూడాలి. టైఫాయిడ్ అని ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ దాని మీద పనిచెయ్యదు.

"ఇంట్లో ఎలుక చచ్చింది, ప్లేగు వస్తుందా?" భయపడి ఫోన్ చేసేవాళ్ళను నేను కోప్పడను. మా నాయనమ్మ ఎలుకలు రాలితే ఊరొదిలి తోటల్లో పాకలు వేసుకున్న రోజుల గురించి చెప్పేది. ఆ భయం మన ఇళ్ళలో తరాలుగా ఉంది. కానీ ఇప్పుడు ఇంట్లో చచ్చిన ఎలుక చాలావరకు ఎవరో పెట్టిన మందు తిన్నదే. 1994లో సూరత్, 2002లో హిమాచల్, 2004లో ఉత్తరకాశీ తప్ప ఈ ముప్పై ఏళ్ళలో మన దేశంలో ప్లేగు పెద్దగా వినబడలేదు. ఒట్టి చేత్తో ఎత్తకండి, బ్లీచింగ్ నీళ్ళు చల్లి కవర్‌తో తీసి పాతిపెట్టండి. ఒకేచోట పెద్ద సంఖ్యలో రాలితే మాత్రం పీహెచ్‌సీకి చెప్పండి.

కూల్‌డ్రింక్ టిన్ను మీద ఎలుక మూత్రం, తాగినావిడ మూడు రోజుల్లో మృతి అని ప్రతి ఎండాకాలం వాట్సాప్‌లో తిరిగే కథకు ఊరూ పేరూ ఉండదు. ఆరిపోతే ఈ బాక్టీరియా చస్తుంది. టిన్ను కడుక్కుని తాగండి, ఆ మెసేజ్ ఇంకొకరికి పంపకండి. బియ్యం బస్తా దగ్గర ఎలుక తిరిగిందని ఏడ్చిన తల్లికి కూడా ఇదే చెప్పాను: పాడైనంత వరకు తీసేసి, మిగతావి కడిగి వండుకోమ్మా, ఉడికితే అది బతకదు.

గమ్ బూట్లు వేసుకోండి అని పోస్టర్లు వేస్తారు. ఊడుపుల బురదలో బూటు దిగబడి కాలు ఒక్కటే బయటికొస్తుంది, ఆ పోస్టర్లు వేసినవాళ్ళు ఎప్పుడూ మడిలో దిగి ఉండరు. మురుగు తీసేవాళ్ళకు, పాకలు కడిగేవాళ్ళకు, చెరువుల మీద పనిచేసేవాళ్ళకు బూట్లు మంచివే. నాట్లు వేసేవాళ్ళు పుండ్లకు తడి దిగని పట్టీ వేసుకుని దిగండి, పైకి రాగానే బోరు నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కుని వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోండి. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్ళు చేతులకు తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. వరద నీళ్ళలో రోజూ పని తప్పనివాళ్ళకు వారానికోసారి వేసే డాక్సీసైక్లిన్ ఉంది, డాక్టరును అడిగి వేసుకోవాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది ఇవ్వకూడదు.

మొన్నటి కౌలు రైతుకు అయిదో రోజుకు జ్వరం దిగింది. వాళ్ళావిడ నన్ను పక్కకు పిలిచి, "కంచం, మంచం వేరు పెట్టాలా అండీ?" అని అడిగింది. అక్కర్లేదమ్మా, ఇది మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదన్నాను. ఆయన అడిగింది వేరు. "ఒకసారి వచ్చింది కదా, ఇంక రాదుగా? సోమవారం కలుపు తీయించాలి." మళ్ళీ రావచ్చు, ఈ బాక్టీరియాలో రెండు వందలకు పైగా రకాలున్నాయి, ఒకటి వచ్చినంత మాత్రాన ఇంకోటి ఆగదని చెప్పాను. కాళ్ళు చూపించమన్నాను. వేళ్ళ సందులు ఇంకా మానలేదు. అవి మానిందాకా గట్టు మీదే ఉండి చూసుకోమన్నాను.