పులికాట్, నేలపట్టు సందర్శన: అపోహలు - వాస్తవాలు

పెద్దలు ప్రళయ కావేరి అని పిలిచే పులికాట్ సరస్సుకూ, దానికి చేరువలో దొరవారిసత్రం దగ్గర ఉన్న నేలపట్టు చెరువుకూ పక్షులను చూడవచ్చేవారికి కొన్నేళ్లుగా నేను దారి చూపుతున్నాను. వారిలో చాలామంది ఎక్కడో విన్న నాలుగు మాటలను గట్టిగా నమ్మి వస్తారు. ఆ నమ్మకాల మూలంగా, చూడవలసినది కళ్లెదుటే ఉన్నా వారి దృష్టికి రాకుండా పోతుంటే నాకు బాధ కలుగుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఫ్లెమింగోలు, గూడబాతులు (పెలికాన్లు) సైబీరియా నుంచి వస్తాయి.

అన్నిటికన్నా లోతుగా నాటుకుపోయిన మాట ఇదే. పులికాట్‌లో మనకు ఎక్కువగా కనిపించే పెద్ద ఫ్లెమింగోలు మన దేశంలో ప్రధానంగా సంతానోత్పత్తి చేసేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. అక్కడి ఉప్పునేలలో ముక్కుతో బురదను పోగుచేసి చిన్న దిబ్బ కట్టి, దాని నెత్తిన పళ్లెంలాంటి గుంటలో ఒకే ఒక గుడ్డు పెడతాయి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1945లో ఆ చోటును స్వయంగా చూసి, గుమిగూడిన పక్షులు దాదాపు 5 లక్షలు ఉంటాయని అంచనా వేశారు. ఇక నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతు దక్షిణ భారతానికీ శ్రీలంకకూ సొంత పక్షి. అది నీటిని వెతుక్కుంటూ ఒక చెరువు నుంచి మరో చెరువుకు తిరుగుతుందే తప్ప హిమాలయాలు దాటి రాదు. సుమారు 459 హెక్టార్ల ఆ రక్షిత ప్రాంతంలో, నీటిలో నిలబడిన నీటి కడప చెట్ల మీద కళ్లు తెరిచే పిల్లలు అచ్చంగా ఈ నేల బిడ్డలే.

సైబీరియా మాటలో నిజం లేకపోలేదు గానీ, అది వర్తించేది వేరే పక్షులకు. సరస్సు అంచున తడిబురద మీద వడివడిగా పరుగులు తీస్తూ ముక్కుతో పొడుచుకు తినే ఉల్లంకి పిట్టలను దాదాపు ఎవరూ పట్టించుకోరు. వాటిలో కొస వంగిన ముక్కు గల ఒక రకం గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు అంచున ఉన్న ఆర్కిటిక్ మైదానాల్లోనే. మరో రకం పిచ్చుకంతే ఉంటుంది, దాని బరువు 40 గ్రాములకు మించదు. అంత చిన్న ప్రాణి అంత దూరం ఎగిరి వచ్చి మన కాళ్లకు పాతిక అడుగుల దూరంలో మేస్తుంటే, దాన్ని చూడకుండా వెళ్లిపోవడం నాకు పెద్ద నష్టంగానే తోస్తుంది.

అపోహ: గులాబీ రంగు లేకపోతే అది ఫ్లెమింగో కాదు.

ఆ రంగు పుట్టుకతో వచ్చేది కాదు, నాచు నుంచీ చిన్న చిన్న రొయ్యజాతి జీవుల నుంచీ ఒంటికి పట్టే వర్ణకాల వల్ల వస్తుంది. లేత వయసు పక్షులు కొన్నేళ్ల పాటు బూడిద రంగులోనే ఉంటాయి.

అపోహ: ఎంత దగ్గరికి వెళితే అంత బాగా చూడవచ్చు.

దగ్గరికి వెళితే మీరు చూసేది ఎగిరిపోతున్న పక్షినే. ఫ్లెమింగో ఉన్నచోటి నుంచి చటుక్కున లేవలేదు, నీటిలో కొన్ని అడుగులు పరుగెత్తితే గానీ రెక్కలకు గాలి అందదు. ప్రతిసారీ బెదరగొడితే మేతకు దక్కవలసిన సమయమూ శక్తీ అలా వృథా అవుతాయి. కదలకుండా అరగంట నిలబడి దూరదర్శినితో చూడండి. తల పూర్తిగా తలకిందులు చేసి, పైముక్కు అడుగువైపు ఉండేలా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోస్తూ, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్లలాంటి పొరలతో మేతను వడకట్టుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా తూర్పుకు సాగుతుంది కాబట్టి, ఉదయం ముందుగా కొంత దూరం వెళ్లిపోయి తిరుగు దారిలో ఆగి చూస్తే ఎండ కళ్లలో పడదు.

అపోహ: జనవరిలో వెళితే పక్షులు కనిపించి తీరుతాయి.

ఇక్కడ అన్నిటినీ నిర్ణయించేది తేదీ కాదు, నీరు. పులికాట్ సగటున మీటరు లోతు కూడా ఉండీ లేనట్టుండే సరస్సు. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెస్తాయి, ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వస్తుంది. ఆ ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఆ రాకపోకలు సన్నగిల్లుతాయి. వేసవికి నీరు సముద్రం కన్నా ఉప్పనై, ఉత్తర భాగంలో నేల నెర్రెలు బారుతుంది. ఫ్లెమింగోకు కావలసింది కాళ్లు మునిగేంత నీరు, అడుగున మెత్తటి బురద. వానలు విపరీతంగా కురిసి లోతు పెరిగిన ఏడాది అవి చెల్లాచెదురై వేరే మడుగులకు పోతాయి. కాబట్టి గది కోసం వాకబు చేసే ముందు నీటిమట్టం గురించి వాకబు చేయండి.

అపోహ: ఇక్కడి చరిత్ర అంటే డచ్చి కోట.

ఆరవీటి వంశపు వెంకటపతి దేవరాయల అనుమతి పొంది, మన పాత రాతల్లో వలందావారని కనిపించే డచ్చివారు సరస్సు దక్షిణ కొసన, ఇప్పటి తమిళనాడులోని పళవేర్కాడులో, గెల్డ్రియా కోటను 1613 నాటికి పూర్తిచేశారు. కోటను చూడాలని వెళ్లేవారికి ఇప్పుడు పొదలూ శిథిలాలే కనిపిస్తాయి, ద్వారం దగ్గర అస్థిపంజరాలు చెక్కిన వారి శ్మశానం మాత్రం నిలిచి ఉంది. ఆ రేవు నుంచి నేత బట్టలతో పాటు బానిసలుగా కొన్న మనుషులనూ ఓడల్లో బతావియాకు (ఇప్పటి ఇండోనేషియాలోని జకార్తాకు) తరలించారన్నది ఆ సమాధుల ముందు నిలబడినప్పుడు తప్పక చెప్పవలసిన మాట.

అయితే కోట కన్నా పాత చరిత్ర మనుషుల్లో ఉంది. శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు యానాదులు అడవిని నమ్ముకొని బతికారు, అక్కడి వంటచెరకు బకింగ్‌హామ్ కాలువ మీదుగా పడవల్లో మద్రాసుకు వెళ్లేది. మత్స్యకారుల పల్లెల్లో పాడు అనే కట్టుబాటు ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు ఎవరి సొంతమూ కాకుండా, ఏ చోట ఎవరు వల కట్టాలో చీటీ వేసి వంతులవారీగా పంచుకుంటారు. పక్షులకు వీరే శత్రువులని కొందరు సందర్శకులు అంటారు గానీ, నేను గమనించినంతలో గెడ వేసుకుంటూ నింపాదిగా పోయే పడవను చూసి ఫ్లెమింగోలు తల కూడా ఎత్తవు. ఒడ్డు దిగి ఫోను పట్టుకొని నేరుగా తమవైపు నడిచి వచ్చే మనిషిని చూసినప్పుడే మెడలన్నీ ఒక్కసారిగా నిక్కుతాయి.