మీరు పుట్టకముందు సంగతి

చి|| అమ్మలుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఫోన్లో మీరిద్దరూ పోటీలు పడి చెప్పిందంతా విన్నాను. నల్లవాళ్ళ మీద జరిగిన అన్యాయాల గురించి మాట్లాడుకునే ఒక సమావేశానికి అమ్మ మిమ్మల్ని తీసుకెళ్ళిందనీ, అక్కడ వేదికా లేదు, దండలూ లేవు, కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారనీ, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ మనవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు తమ ఇళ్ళల్లో జరిగినవి చెప్పుకున్నారనీ. ఒక పెద్దావిడ చెబుతూ చెబుతూ ఏడ్చేసిందనీ. చివర్లో పెట్టిన బిస్కెట్లు బాగున్నాయనీ.

అంతా చెప్పాక అమ్మలు అడిగింది: "తాతయ్యా, అప్పటికి మేం పుట్టనేలేదు. నాన్న కూడా పుట్టలేదు. మేం ఎవర్నీ ఏమీ అనలేదు. మరి మేమెందుకెళ్ళి వినాలి?" చిన్నోడు దానికి ఇంకోటి తగిలించాడు: "పాతవి తవ్వితే మళ్ళీ గొడవలైపోవా?"

అంతలో లైను కట్టయింది. మంచిదే అయింది. ఇలాంటి వాటికి ఫోన్లో జవాబు చెప్పడం నా వల్ల కాదు.

ముందు మీ ఊరి సంగతి. మీరుండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీ (మన జిల్లా లాంటిది), కమ్మింగ్ దాని ముఖ్యపట్టణం. 2020 జనాభా లెక్కల నాటికి ఆ కౌంటీలో రెండున్నర లక్షల మంది. అందులో మన తెలుగువాళ్ళు ఎంతమందో నేను వచ్చినప్పుడు కళ్ళారా చూశాను. సాయంత్రం నడకకి వెళ్తే "ఏ ఊరండీ మీది?" అని పలకరించేవాళ్ళే. గోంగూర దొరుకుతుంది, దోసెల పిండి దొరుకుతుంది. అలాంటి ఊళ్ళో వందేళ్ళ కిందట ఏం జరిగిందో ఆ నడక దారుల్ని చూస్తే తెలియదు.

1912 సెప్టెంబరులో అక్కడ ఒక తెల్లమ్మాయి మీద దాడి జరిగింది. కొన్నాళ్ళకి ఆ పిల్ల చనిపోయింది. ఇంకా విచారణ కూడా మొదలవకముందే, ఆ దాడి చేశాడన్న అనుమానంతో జైల్లో పెట్టిన రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి, గుంపు జైల్లోకి చొరబడి, కమ్మింగ్ నడిబొడ్డున చంపేసింది. ఎలాగన్నది పెద్దయ్యాక చదువుకుందురు గాని. దాంతో ఆగలేదు. రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చి నల్లవాళ్ళ ఇళ్ళ మీద తుపాకులు పేల్చారు, చర్చిలు తగలబెట్టారు. 1910 లెక్కల్లో ఆ కౌంటీలో నల్లవాళ్ళు 1,098 మంది. 1920 లెక్కల్లో ముప్ఫై మంది. పొలాలు అయినకాడికి అమ్ముకున్నవాళ్ళు కొందరు, చేలో పంట చేలోనే వదిలేసి పోయినవాళ్ళు కొందరు. వాళ్ళని మళ్ళీ రానివ్వలేదు. ఒక ఏడాదో రెండేళ్ళో కాదు, దాదాపు డెబ్భై అయిదేళ్ళు.

ఇక నూతి సంగతి చెబుతాను. నూతికీ దీనికీ ఏమిటి సంబంధం అంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మంచినీళ్ళ నుయ్యి ఒకటే. ఎండలు ముదిరాక నీళ్ళు అడుగంటేవి, అప్పుడు పూడిక తీయించేవాళ్ళు. ఏడాది పొడుగునా రాలిన ఆకులు, గాలికొచ్చిన మట్టి, ఒరలోంచి జారిన గులకరాళ్ళు అన్నీ అడుగున పేరుకుపోయి ఊటకి అడ్డం పడతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నీళ్ళు తేటగానే ఉంటాయి, ఆకాశం కూడా కనిపిస్తుంది. పూడిక తీయడం మొదలుపెట్టిన రోజు మాత్రం చూడాలి! నుయ్యంతా నల్లటి బురద. వాసనకి ముక్కు మూసుకునేవాళ్ళం. "బాగున్న నూతిని పాడుచేశారు" అని సణిగే ముసలమ్మ ప్రతి ఏడూ ఒకరుండేది. రెండు రోజులు పక్క ఊరి చెరువు నీళ్ళే గతి. మూడో రోజుకి ఊట తెరుచుకునేది.

చిన్నోడా, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. 1987 జనవరిలో మీ కౌంటీలోనే జరిగింది చూడు. నల్లవాళ్ళు అక్కడ అడుగుపెట్టకూడదన్న భయం పోవాలని, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద సెలవు వచ్చే రోజుల్లో, కలిసి నడుద్దామని స్థానికుడైన ఒక తెల్లాయన అనుకున్నాడు. బెదిరింపులు వచ్చాయి, మానుకున్నాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. కింగ్‌తో కలిసి పనిచేసిన హోసియా విలియమ్స్ అట్లాంటా నుంచి బస్సులో మనుషుల్ని తీసుకొచ్చాడు. జనవరి 17న నడిచినవాళ్ళు వందమంది కూడా లేరు. వాళ్ళ మీద కొన్ని వందల మంది రాళ్ళూ సీసాలూ విసిరారు. చూశావా బురద! ఎవరూ నడవకుండా ఉంటే ఆ రాళ్ళు పడేవి కావు, నిజమే. కానీ ఆ రాళ్ళు ఆ రోజు పుట్టినవి కావు, 1912 నుంచీ అడుగున ఉన్నవే. టీవీల్లో అది చూసి దేశం ఉలిక్కిపడింది. వారం తిరిగేసరికి, జనవరి 24న, అదే కౌంటీలో సుమారు ఇరవై వేల మంది నడిచారు. కింగ్ భార్య కొరెటా స్కాట్ కింగ్ వచ్చింది, ఆ పౌరహక్కుల ఉద్యమంలోనే నడిచిన జాన్ లూయిస్ వచ్చాడు. రోడ్డు పొడుగునా కాపలాకి సైనికులు.

ఆ తర్వాత నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ కలిపి ఒక కమిటీ వేశారు. కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, చివరికి ఒక మాట మీదకి రాలేకపోయారు. నా నూతి పోలిక ఇక్కడ కాస్త తడబడుతుంది, మూడో రోజుకి తేట నీళ్ళు రాలేదు. అయినా పోలికని ఇంకా వదలను. ఎందుకంటే అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

పూడిక తీయడానికి నూతిలోకి దిగేదెవరో తెలుసా? మా వీధివాళ్ళు కాదు. ఊరి చివర పల్లె నుంచి వచ్చేవాళ్ళు. నడుముకి మోకు కట్టుకుని దిగి, గంపలకి బురద ఎత్తి పైకి పంపేవాళ్ళు. మేం పిల్లలం ఒర పట్టుకుని వంగి చూస్తూ, గాలం వేసినా దొరకని చెంబులు బయటపడితే కేకలు పెట్టేవాళ్ళం. మూడో రోజు ఊట పడ్డాక, దిగినవాళ్ళే ముందు ఆ నీటిని చేత్తో తాకేవాళ్ళు. మర్నాటి నుంచి మాత్రం వాళ్ళు ఆ నూతి చేద ముట్టుకోకూడదు. దూరంగా నిలబడి దోసిలి పడితే ఎవరో పోయాలి. ఇంట్లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, వాళ్ళు దూరంగా నిలబడతారు, అంతే.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చాడు. కేరళలో తిరువనంతపురం దగ్గర ఒక బడికి తీసుకెళ్ళారు, అక్కడి పిల్లలు చాలామంది అంటరానివాళ్ళన్న ముద్రపడిన కుటుంబాల వాళ్ళు. ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరాని మనిషి అన్నాడట. కింగ్‌కి మొదట కష్టం తోచింది. కాసేపు ఆలోచించి, నిజమే, నేనూ అంటరానివాణ్ణే, నా దేశంలో నాలాంటి నల్లవాళ్ళంతా అంతే, అనుకున్నాడు. 1965లో తన చర్చిలో ప్రసంగిస్తూ ఆయనే ఇది చెప్పాడు. అంత దూరం నుంచి వచ్చినాయన మా నుయ్యి ఎరగడు, దోసిలి మాత్రం ఎరుగును. ఇక మనం అంత దూరం వెళ్ళి ఏం చేశామంటారా? 2023లో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, అమెరికాలో అలా చేసిన మొదటి ఊరు అదే. మన పెట్టెల్లో ఆవకాయ జాడీలే కాదు, ఇంకా చాలా వెళ్ళాయన్నమాట.

అమ్మలూ, ఇక నీ ప్రశ్న. ఒకప్పుడు అమెరికా వాళ్ళు మన దేశం నుంచి స్థిరపడటానికి రానిచ్చింది ఏడాదికి వందమందిని. 1946 నుంచి అదే లెక్క. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చాయి. వాటి కోసం నల్లవాళ్ళు దెబ్బలు తిన్నారు, జైళ్ళకెళ్ళారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనుషుల్ని పుట్టుక చూసి ఎంచకూడదన్న ఆ గాలిలోనే, అదే ఏడు అక్టోబరు 3న వలస చట్టమూ మారింది, దేశాల వారీ పాత వాటాలు పోయాయి. మీ నాన్న వెళ్ళిన దారి అదే. నుయ్యి మీరు తవ్వలేదు, పూడిక మీరు పోయలేదు. నీళ్ళు మాత్రం తాగుతున్నారు కదమ్మా.

అందుకని తప్పు మీదని కాదు. మీరు తల దించుకుని కూర్చోవాలని అంతకన్నా కాదు. ఆ గుండ్రపు కుర్చీల్లో ఏడ్చిన పెద్దావిడ ఆ రోజు నూతిలోకి దిగింది. దిగాల్సి వచ్చేది ఎప్పుడూ ఆవిడలాంటివాళ్ళే, అదే నాకు నచ్చని సంగతి. ఒర దగ్గర ఉన్నవాళ్ళు కనీసం మోకు గట్టిగా పట్టుకోవాలి. అంటే ఆవిడ చెప్పేటప్పుడు మధ్యలో దూరకపోవడం, "మా దగ్గరా ఉందిలెండి" అని మన కథ ఎత్తుకోకపోవడం, ఫోను చూసుకోకపోవడం.

ఈ సమావేశాలు ఏటా జనవరిలో, కింగ్ సెలవు మర్నాడు వచ్చే మంగళవారం, అమెరికాలో చాలా ఊళ్ళల్లో జరుగుతాయి. 2017లో మొదలుపెట్టింది కెల్లాగ్ ఫౌండేషన్ అనే సేవాసంస్థ. చిన్నోడు పొద్దున్నే పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ కంపెనీ పెట్టిన కెల్లాగే దాన్నీ స్థాపించాడు. అలా కూర్చుని చెప్పుకుంటే లోపలి బాధ ఎలా తగ్గుతుందో నాకు అంతుపట్టదు. ఏ చట్టమూ మారదు, పోయిన పొలమూ తిరిగి రాదు. అయినా మీ అమ్మ చెప్పింది, ఆవిడ వెళ్ళేటప్పుడు నవ్వుతూ వెళ్ళిందట. ఎందుకో ఆవిడకే తెలియాలి.

ఇప్పుడు మీకో పని. కమ్మింగ్ ఊరి నడుమ రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో ఒక ఫలకం ఉంది, 2021లో పెట్టారు. అమ్మని అడిగి వెళ్ళి చదవండి, రెండు వైపులా చూడండి. వేసవి సెలవుల్లో వీలైతే అలబామాలోని మాంట్గమరీ వెళ్ళండి, కారులో ఒక పూట ప్రయాణం. అక్కడ ఇలా చంపేసిన 4,400 మందికి పైగా మనుషుల జ్ఞాపకంగా 2018లో ఒక చోటు కట్టారు. కౌంటీకొకటి చొప్పున ఎనిమిది వందలకు పైగా ఉక్కు స్తంభాలు, పేర్లతో. అందులో మీ ఫోర్సైత్‌ని వెతకండి. దగ్గర్లోనే మ్యూజియం ఉంది, ఆ మనుషులు చనిపోయిన చోట్ల నుంచి ఊళ్ళవాళ్ళు కలిసి వెళ్ళి తవ్వి తెచ్చిన మట్టి గాజు సీసాల్లో పెట్టారు. ఒక్కో సీసా మీద ఒక్కో పేరు. ఎర్రమట్టి ఉంటుంది, నల్లమట్టి ఉంటుంది, ఇసక రంగూ ఉంటుంది. తొందరపడకుండా చూడండి.

చూసిందంతా తెలుగులో రాసి పంపండి. తప్పులున్నా ఫరవాలేదు. ఫోన్లో మాత్రం చెప్పకండి, నాకు సగం వినపడదు.

ఆశీస్సులతో
తాతయ్య