ఒక చెంచా సోడాలో ఎంత గాలి ఉంది?

వంటసోడా మీద వెనిగర్ పోస్తే బుస్సుమని నురుగు పొంగుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, పది సెకన్లలో తతంగం ముగుస్తుంది, గిన్నె కడగాల్సి వస్తుంది. ఇంట్లో చేసే సైన్సు చాలావరకు ఇక్కడే ఆగిపోతోంది. అసలు పాఠం ఆ నురుగు తర్వాతే మొదలవుతుంది. ఎంత సోడాకి ఎంత వెనిగర్ సరిపోతుంది? ఏది ముందు అయిపోయింది? ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నలకి జవాబు వంటింట్లోనే దొరుకుతుంది. ల్యాబు అక్కర్లేదు.

అరలీటరు ప్లాస్టిక్ సీసాలు మూడు తీసుకోండి. మూడింట్లోనూ 70 మిల్లీలీటర్ల చొప్పున వెనిగర్ పోయండి. వెనిగర్ సీసా మీద 5 శాతం ఆమ్లం అని రాసి ఉంటే ఈ కొలత సరిపోతుంది, 4 శాతం అని ఉంటే 90 మి.లీ. పోయాలి. మూడు బెలూన్లలో వరసగా అర టీ స్పూను, ఒక టీ స్పూను, రెండు టీ స్పూన్ల వంటసోడా వేయండి. స్పూను మీద గుట్టగా ఉండకూడదు, కత్తి వీపుతో గీసి సమం చేయాలి. అలా సమం చేసిన స్పూనులో దాదాపు 5 గ్రాముల సోడా పడుతుంది. బెలూను మూతిని సీసాకి తొడిగి పక్కకి వేలాడనివ్వండి. ఇప్పుడు ఏ బెలూను ఎంత పెరుగుతుందో పిల్లలు కాగితం మీద రాయాలి. దయచేసి ఈ మెట్టు దాటేయకండి. ముందే రాసుకోకపోతే, ఫలితం చూశాక ఎవరికైనా "నేనూ అదే అనుకున్నా" అనిపిస్తుంది.

తర్వాత ఒక్కో బెలూనునీ పైకెత్తి సోడాని మెల్లగా సీసాలోకి దించండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే నురుగు బెలూనులోకే ఎక్కుతుంది. బుడగలు పూర్తిగా ఆగాక, దర్జీ టేపుతో బెలూను నడుము చుట్టూ కొలవండి.

ఎక్కువమంది పిల్లలు రెండు స్పూన్ల బెలూనే అన్నిటికన్నా పెద్దదవుతుందని రాస్తారు. కానీ అది ఒక స్పూను బెలూనంతే ఉంటుంది. 5 గ్రాముల సోడాతో పూర్తిగా కలవడానికి 5 శాతం వెనిగర్ సుమారు 72 మి.లీ. కావాలి. సీసాలో ఉన్నది 70. అంటే ఒక స్పూనుతోనే ఆమ్లం దాదాపు ఖర్చైపోయింది, రెండో స్పూనుకి జత దొరకలేదు. దీన్ని నమ్మమని చెప్పనక్కర్లేదు, చూపించవచ్చు. బెలూన్లు తీసేసి, రెండు స్పూన్ల సీసాలో ఇంకాస్త వెనిగర్ పోయండి, మళ్లీ పొంగుతుంది. అర స్పూను సీసాలో చిటికెడు సోడా వేయండి, అదీ పొంగుతుంది. ఒకదాంట్లో సోడా మిగిలింది, ఇంకోదాంట్లో ఆమ్లం మిగిలింది. మిగిలిన సోడా అడుగున తెల్లగా కనబడకపోవచ్చు, నీళ్లలో కరిగి ఉంటుంది. కంటికి కనబడనిది ఉందో లేదో పరీక్షించి తేల్చడం పిల్లలు ఇక్కడే మొదటిసారి చేస్తారు. ఈ ప్రయోగంలో ఇంతకన్నా విలువైన క్షణం లేదు.

టేపు దగ్గర మరో చిక్కు వస్తుంది. అర స్పూను బెలూను చుట్టుకొలత 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, ఒక స్పూనుది 43, 44 దగ్గర ఉంటుంది. సోడా రెట్టింపైతే కొలత రెట్టింపు ఎందుకు కాలేదని పిల్లలు అడగాలి. అడక్కపోతే మీరే అడగండి. టేపు కొలిచేది చుట్టునే, లోపల నిండేది ఘనపరిమాణం. చుట్టుకొలతని మూడుసార్లు వేసి గుణించి (35 × 35 × 35 లాగా) 60తో భాగిస్తే లోపలి గాలి మిల్లీలీటర్లలో సుమారుగా వస్తుంది. 35కి 700 పైచిలుకు, 44కి 1400 పైచిలుకు. రెట్టింపు బయటపడింది! బెలూను సరిగ్గా గుండ్రంగా ఉండదు, సోడా, వెనిగర్ కలిస్తే పుట్టే వాయువు కార్బన్ డయాక్సైడు, అందులో కొంత నీళ్లలోనే కరిగిపోతుంది, కాబట్టి మీకు వచ్చే అంకెలు కాస్త తక్కువగా ఉంటాయి.

ఫలితం బాగా తేడాగా వస్తే ఈ కారణాలు చూడండి. కొత్త బెలూను బిగుతుగా ఉంటుంది, ముందే రెండుసార్లు ఊది వదలాలి. బెలూనులో సోడా వేయడానికి గరాటు వాడితే, అది తడిగా ఉంటే సోడా దాని మెడలోనే అంటుకుపోతుంది. సోడాకి బదులు బేకింగ్ పౌడర్ వాడితే లెక్క మొత్తం తప్పుతుంది, ఎందుకంటే అందులో పొడి ఆమ్లమూ పిండీ ముందే కలిపి ఉంటాయి. బట్టలు ఉతికే సోడా ఇంకో పదార్థం, చర్మాన్ని మండిస్తుంది, దాన్ని ఈ పనికి వాడకూడదు. ఆఖరుగా, ఈ సీసాకి ఎప్పుడూ మూత బిగించకండి. ఒక్క చెంచా సోడా నుంచి లీటరున్నర దాకా వాయువు వస్తుంది, అది బయటికి పోయే దారి ఉండి తీరాలి.

ఇదే వాయువుని వెనిగర్ కోడిగుడ్డు పెంకులోంచీ రప్పిస్తుంది. పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేటే. ఒక మోస్తరు గుడ్డు పెంకు 6 గ్రాముల దాకా తూగుతుంది, అందులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడు కూడా ఒక చెంచా సోడా ఇచ్చేంతే. కాకపోతే సోడా పది సెకన్లలో ఇచ్చేదాన్ని పెంకు ఒకటి రెండు రోజులు తీసుకుని ఇస్తుంది.

పగుళ్లు లేని పచ్చి గుడ్డుని తూచి, బరువు రాసుకుని, గాజు గ్లాసులో పెట్టి, మునిగేదాకా వెనిగర్ పోయండి. పోల్చి చూడటానికి ఇంకో గుడ్డుని ఉత్త నీళ్లలో పెట్టండి. వెనిగర్‌లోని గుడ్డు చుట్టూ బుడగలు పడతాయి, ఒక్కోసారి అవి గుడ్డుని పైకి లేపుతాయి కూడా. ఆ పెంకంతా కరగడానికి 5 శాతం వెనిగర్ 145 మి.లీ. దాకా కావాలి. సోడాకి పట్టినదానికి రెట్టింపు, ఎందుకంటే ఒక్కో కార్బొనేటు అణువుకి రెండేసి ఆమ్ల అణువులు పడతాయి. ఆమ్లం పల్చబడే కొద్దీ పని నెమ్మదిస్తుంది, అందుకే ఒక రోజు గడిచాక పాత వెనిగర్ పారబోసి కొత్తది పోయాలి. "మా గుడ్డు సగమే కరిగింది" అనేవాళ్లలో చాలామంది చేయనిది ఇదే.

రెండో రోజు గుడ్డుని నీళ్ల ధార కింద వేలితో మెల్లగా రుద్దితే మిగిలిన తెల్లపొర పోతుంది. చేతిలో పల్చటి పొర మాత్రమే ఉంటుంది, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే లోపల పచ్చసొన నీడలా కదులుతుంది. ఇప్పుడు తూచండి. ఆరు గ్రాముల పెంకు పోయినా బరువు పెరిగి ఉంటుంది. వెనిగర్‌లో ఎక్కువ భాగం నీళ్లే, గుడ్డు లోపల ప్రొటీన్లు చిక్కగా ఉన్నాయి. పొర నీటిని పోనిస్తుంది, ప్రొటీన్లని పోనివ్వదు. అందుకని నీళ్లు లోపలికి చేరాయి. దీన్నే ఆస్మాసిస్ అంటారు. నీటి ప్రవాహాన్ని వెనక్కి తిప్పాలంటే 200 మి.లీ. వేడినీళ్లలో 300 గ్రాముల పంచదార కరిగించి, పూర్తిగా చల్లారాక గుడ్డుని అందులో వేయండి. వేడి పాకంలో వేస్తే గుడ్డు ఉడుకుతుంది. పాకం గుడ్డుకన్నా సాంద్రమైనది కాబట్టి గుడ్డు తేలుతుంది, అప్పుడప్పుడు తిప్పాలి, లేదా పైన చిన్న పళ్లెం బోర్లించాలి. మర్నాటికి గుడ్డు ముడతలు పడి, బరువు తగ్గి ఉంటుంది. పచ్చి గుడ్డు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఆ గుడ్డుని తినకూడదు.

ఆమ్లం మిగిలిందా, సోడా మిగిలిందా అన్నది రంగుతోనూ చెప్పవచ్చు. పసుపు ముద్దని తెల్ల కాగితానికి పూసి ఆరబెడితే ఒక పరీక్ష పట్టీ తయారవుతుంది. దానిమీద సబ్బునీళ్లు పడితే ఎర్రబారుతుంది, మళ్లీ వెనిగర్ చుక్క వేస్తే పసుపుగా మారుతుంది. అయితే నిమ్మరసానికీ మంచినీళ్లకీ అది ఒకేలా ఉంటుంది, ఆమ్లాన్ని గుర్తుపట్టలేదు. వంటసోడా నీళ్లకి ఏదో కొద్దిగా నారింజ రంగు వస్తుంది, ఎందుకంటే దాని క్షారగుణం తక్కువ. లిక్విడ్ హ్యాండ్‌వాష్‌లు చాలావరకు తటస్థంగానో, కొంచెం ఆమ్లంగానో ఉంటాయి కాబట్టి వాటికి రంగు అసలు మారకపోవచ్చు.

మన సీసాలకి ఊదా రంగు క్యాబేజీ మేలు. పావు క్యాబేజీ తరిగి, మరిగే నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టి వడకట్టండి. ఆ నీళ్లు ఆమ్లంలో ఎర్రగా, సోడాలో నీలంగా మారతాయి. మూడు సీసాల్లోనూ రెండేసి చెంచాలు పోస్తే, అర స్పూను సీసా గులాబి కలిసిన ఊదాగా, రెండు స్పూన్లది నీలంగా విడిపోతాయి. ఈ రంగునీళ్లు ఇంట్లో దొరికే ప్రతిదాని మీదా పోసి చూడాలని పిల్లలకి ఉబలాటం పుడుతుంది. బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ క్లీనర్లు మాత్రం ముందే తీసి తాళం వేయండి. బ్లీచు మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పడితే విషవాయువు క్లోరిన్ వస్తుంది. క్యాబేజీ నీళ్లు ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకే పాడవుతాయి. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టిస్తే, కావలసినప్పుడల్లా ఒక్కో ముక్క కరిగించుకుని వాడుకోవచ్చు.